టేబుల్ సా బ్లేడు సూటిగా ఉందో లేదో చూసే జిగ్: ఇంట్లో చేసుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

టేబుల్ సా అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చి ఉండే మిషన్. జిగ్ అంటే ఒక పని ప్రతిసారీ ఒకేలా చెయ్యడానికి మనమే చేసుకునే సాధనం. మా షెడ్డుకి వచ్చి అడిగినవీ, ఫోన్లో అడిగినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. వడ్రంగం వృత్తిగా చేసేవాళ్ళకి కొన్ని తెలిసినవే అయి ఉంటాయి. సెలవు రోజుల్లో చెక్కపని చేసుకునేవాళ్ళని మనసులో పెట్టుకుని రాశాను.

కొత్త బ్లేడు వేశాను. అయినా టేకు అంచు నల్లగా మాడుతోంది. తప్పు బ్లేడుదేనా?

చాలాసార్లు కాదు. నేనూ మొదట్లో బ్లేడు మొద్దుబారిందనుకుని సాన పట్టించాను. ఆ తర్వాత కొత్తదే కొన్నాను. మాడటం ఆగలేదు. చివరికి కొలిచి చూస్తే బ్లేడు ముందు పన్నుకీ వెనక పన్నుకీ 0.6 మి.మీ. తేడా తేలింది. బ్లేడు కొన్న డబ్బు అనవసరంగా పోయినట్టే.

జరిగేది ఇదీ. చెక్క ఫెన్సుని, అంటే బ్లేడు పక్కన బల్ల మీద బిగించే పొడవాటి ఆనుడు పట్టీని, ఆనుకుని తిన్నగా వెళ్తుంది. బ్లేడు మాత్రం కొంచెం వంకరగా నిలబడి ఉంటుంది. ముందు పళ్ళు కోసిన దారిలో వెనక పళ్ళు ఇమడవు, పక్క గోడని మళ్ళీ గీరుతూ పోతాయి. ఆ రాపిడికే చెక్క మాడుతుంది. కోసిన అంచుని కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి. రంపపు గీతలన్నీ ఒకే వైపు వంపు తిరిగి ఉంటే సరే. రెండు వైపుల వంపులూ ఒకదాన్నొకటి దాటుతూ చాప అల్లికలా లోతుగా కనిపిస్తే వెనక పళ్ళు కూడా కోస్తున్నాయని అర్థం.

చెక్కని మరీ నెమ్మదిగా తోసినా, బ్లేడుకి జిగురు పట్టినా కూడా మాడుతుంది. ముందు బ్లేడు కడిగి చూడండి, అది పది నిమిషాల పని.

మాడిన చోట ఉప్పుకాగితం పట్టిస్తే పోతుంది కదా. ఇంత పట్టింపు ఎందుకు?

మాడటం ఒక్కటే అయితే నేను కూడా పట్టించుకునేవాణ్ణి కాదు. అసలు భయం చెక్క వెనక్కి ఎగరడం గురించి, అదే కిక్‌బ్యాక్.

బ్లేడు ముందు వైపు పళ్ళు కిందికి దిగుతూ చెక్కని బల్లకి అదిమిపెడతాయి. వెనక వైపు పళ్ళు బల్లలోంచి పైకి లేస్తుంటాయి. ఫెన్సు వెనక కొస బ్లేడు వైపు ఒరిగి ఉంటే చెక్క ఆ రెంటి మధ్యా ఇరుక్కుంటుంది. అప్పుడు లేచే పళ్ళు దాన్ని పట్టి ఎత్తి మీ మీదకే విసురుతాయి. 254 మి.మీ. బ్లేడు నిమిషానికి 3600 చుట్లు తిరిగితే పంటి వేగం సెకనుకి సుమారు 48 మీటర్లు, అంటే గంటకి 170 కిలోమీటర్ల పైమాట. నా చేతిలోంచి ఒకసారి రెండడుగుల టేకు పట్టీ అలా వెళ్ళి వెనక రేకు గోడకి సొట్ట పెట్టింది. నేను ఒక జానెడు పక్కకి నిలబడి ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి కొలవకుండా మిషన్ ఆన్ చెయ్యడం మానేశాను.

మన ఊళ్ళలో చాలామంది చేతి సర్క్యులర్ సాని ప్లైవుడ్ బల్ల కింద తలకిందులుగా బిగించి టేబుల్ సాగా వాడతారు. వాటికి బ్లేడు వెనక నిలబడే రైవింగ్ నైఫ్ చాలాచోట్ల ఉండదు. అది ఉంటే కోసిన చెక్క మూసుకుపోకుండా కాస్త కాపాడుతుంది. అది లేని మిషన్లకి ఈ కొలత ఇంకా ముఖ్యం.

ఏది దేనితో పోల్చి చూడాలి? వరస ఏమిటి?

అన్నిటికీ ఆధారం బల్ల మీద ఉండే మైటర్ గాడి. అడ్డంగా కోసేటప్పుడు చెక్కని ఆనించి తోసే మైటర్ గేజ్ జారేది ఇందులోనే. అది బల్లలోనే కోసి ఉంటుంది, కదలదు. అందుకని ముందు బ్లేడుని గాడికి సమాంతరం చెయ్యాలి. తర్వాత ఫెన్సుని గాడికే సమాంతరం చెయ్యాలి, ఆ తర్వాత రైవింగ్ నైఫ్‌ని బ్లేడు వరసలోకి తేవాలి. మైటర్ గేజ్ మూలమట్టం చివర చూస్తాం. ఫెన్సుని నేరుగా బ్లేడుతో సరిపెట్టడం చాలామందికి అలవాటు. బ్లేడే వంకరగా ఉన్నప్పుడు ఫెన్సుని కూడా ఆ వంకరకి తిప్పుకున్నట్టవుతుంది. అప్పుడు నిలువు కోత బాగానే వస్తుంది, గాడిలో మైటర్ గేజ్ పెట్టి అడ్డంగా కోసినప్పుడు మళ్ళీ మాడుతుంది.

జిగ్‌కి ఏమేం కావాలి?

18 మి.మీ. ప్లైవుడ్ ముక్క ఒకటి, సుమారు 150 × 250 మి.మీ. గాడిలో జారే పట్టీ ఒకటి. ఎం6 బోల్టు, నట్లు, రెండు మూడు స్క్రూలు. ఇవే.

పట్టీని ప్లైవుడ్ అడుగున స్క్రూలతో బిగించాలి. ప్లైవుడ్ మీద, బ్లేడు వైపు అంచు దగ్గర, 40 మి.మీ. ఎత్తున్న గట్టి చెక్క దిమ్మె నిలబెట్టి ఫెవికాల్, స్క్రూలు రెండూ వెయ్యాలి. ఆ దిమ్మెకి అడ్డంగా రంధ్రం వేసి, ఎం6 నట్టుని లోపల కూర్చోబెట్టి, బోల్టుని బ్లేడు వైపు పొడుచుకొచ్చేలా దూర్చాలి. బోల్టు కొసని ఆకురాయితో గుండ్రంగా రుద్దండి. మొనగా ఉంటే పంటి మీద జారిపోతుంది.

మీకు ఇంత ఓపిక లేదనుకుంటే ఇంకా సులువైన దారి ఉంది. మైటర్ గేజ్‌కి ఒక చెక్కపుల్లని క్లాంపుతో బిగించి, దాని కొసలో గుండ్రటి తల ఉన్న ఇత్తడి స్క్రూ బిగించండి. ఆ స్క్రూని లోపలికీ బయటికీ తిప్పి పంటిని తాకిస్తే చాలు. నా మొదటి జిగ్ ఇదే. పనిచేస్తుంది, కానీ మైటర్ గేజ్ గాడిలో వదులుగా ఆడితే నమ్మలేం.

గాడిలో పట్టీ ఎలా ఉండాలి? ఏ చెక్కతో చెయ్యాలి?

జిగ్ మొత్తంలో శ్రద్ధ పెట్టాల్సిన చోటు ఇదే. పట్టీ 0.2 మి.మీ. ఆడిందంటే మీ కొలత కూడా 0.2 మి.మీ. అబద్ధం చెబుతుంది.

అమెరికాలో అమ్మే టేబుల్ సాల్లో ఎక్కువ వాటికి గాడి వెడల్పు ముప్పావు అంగుళం, అంటే 19 మి.మీ. అక్కడి గ్యారేజీల్లో పనిచేసుకునే మనవాళ్ళకి ఇది నేరుగా సరిపోతుంది. ఇక్కడ దొరికే చిన్న మిషన్లలో కొలతలు రకరకాలు, కొన్నిటికి గాడి పైన పెదవుల్లాంటి అంచులు కూడా ఉంటాయి. వెర్నియర్‌తో మూడు చోట్ల కొలిచాకే పట్టీ చెయ్యండి.

ముప్పావు అంగుళం అల్యూమినియం ఫ్లాట్ దొరికితే దాన్ని మించింది లేదు. చెక్కయితే బాగా ఆరిన టేకు. కోస్తా జిల్లాల్లో వానాకాలం తేమకి పట్టీ ఉబ్బి గాడిలో బిగుసుకుంటుంది, ఎండాకాలం వదులవుతుంది. కిచెన్లో కూరగాయలు తరిగే దళసరి ప్లాస్టిక్ పలక తేమకి ఉబ్బదు. అందులోంచి పట్టీ కోసుకోవచ్చు.

వదులుగా ఉంటే పట్టీని పారెయ్యకండి. ఒక పక్కన రెండు కొసల దగ్గరా అల్యూమినియం టేపు ముక్కలు అతికించండి. ఇంకో ఉపాయం కూడా ఉంది, నేను వాడేది అదే. కొలిచే ప్రతిసారీ పట్టీని గాడిలో ఒకే గోడ వైపు, బ్లేడుకి దూరంగా ఉన్న గోడ వైపు, వేలితో నొక్కి పట్టుకోవడం. అలా నొక్కితే వదులు ఎంతున్నా రెండు కొలతల్లోనూ ఒకలాగే ఉంటుంది కాబట్టి తేడాలోకి రాదు. పట్టీ మరీ బిగువుగా ఉంటే చిత్రిక ఒక్కసారి పట్టి, కొవ్వొత్తి మైనం రాయండి.

డయల్ గేజ్ (మొన ఎంత కదిలిందో ముల్లుతో చూపే పరికరం) లేకుండా 0.1 మి.మీ. ఎలా తెలుస్తుంది?

మనకి కావాల్సింది కొలత కాదు, తేడా. బ్లేడు గాడికి 83 మి.మీ. దూరంలో ఉందా 84 లో ఉందా అనేది మనకి అక్కర్లేదు. ముందూ వెనకా ఆ దూరం ఒకటేనా కాదా అన్నదే ప్రశ్న. తేడా పట్టుకోవడానికి ఇంట్లో ఉన్నవే చాలు.

మామూలు 80 జీఎస్ఎం ఎ4 కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. బోల్టు కొస ముందు పన్నుకి తగిలీ తగలనట్టు పెట్టి, జిగ్‌ని వెనక్కి జరిపి చూడండి. బోల్టుకీ పన్నుకీ మధ్య ఒక కాగితం దూరి రెండోది దూరకపోతే తేడా 0.1 కి పైన, 0.2 కి లోపు. మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గరుండే ఫీలర్ గేజ్ (మందం రాసి ఉన్న పలచటి రేకుల కట్ట) తెచ్చుకుంటే ఇంకా తేటగా తెలుస్తుంది.

బోల్టే ఒక కొలమానం కూడా. మామూలు ఎం6 బోల్టు మర అంతరం సరిగ్గా 1 మి.మీ. అంటే ఒక పూర్తి చుట్టు తిప్పితే బోల్టు 1 మి.మీ. ముందుకెళ్తుంది, పదో వంతు తిప్పితే 0.1 మి.మీ. బోల్టు తలకి 30 మి.మీ. వ్యాసమున్న ప్లాస్టిక్ మూత అతికించి, అంచు చుట్టూ పది సమాన భాగాలు గీయండి. గీతకీ గీతకీ మధ్య 9 మి.మీ. పైగా వస్తుంది, కాబట్టి గీతలో సగం, పావు కూడా కంటికి కనిపిస్తాయి. ఎం8 బోల్టు వాడకండి, దాని మర 1.25 మి.మీ., లెక్క చిక్కుపడుతుంది. ఒక జాగ్రత్త: బోల్టుకి నట్టులో ఎంతో కొంత ఆట ఉంటుంది. అందుకని ఎప్పుడూ బిగించే దిశలోనే తిప్పుతూ పంటిని చేరండి. దాటిపోతే ఒక చుట్టు వెనక్కి వచ్చి మళ్ళీ ముందుకి రండి.

తాకిందో లేదో కంటితో చెప్పడం కష్టమే. దానికి మల్టీమీటర్ ఉంది. బీప్ శబ్దం వచ్చే సెట్టింగులో పెట్టి, ఒక వైరు బోల్టుకీ ఇంకోటి బ్లేడుకీ తగిలించండి. బోల్టు పంటిని తాకగానే బీప్ వస్తుంది. పళ్ళకి అతికించే కార్బైడ్ ముక్కల్లోంచి కరెంటు పారుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. వైరుని బల్లకి కాకుండా బ్లేడుకే తగిలించండి. కొన్ని అల్యూమినియం బల్లల పై పూత కరెంటుని పారనివ్వదు. జిగ్ పట్టీ లోహందైతే బోల్టు దానికి తగలకుండా ఉండాలి. మల్టీమీటర్ లేకపోతే రెండు పెన్సిల్ బ్యాటరీలు, ఒక చిన్న ఎల్‌ఈడీ వాడొచ్చు. ఈ పద్ధతిలో వేలి ఒత్తిడి, కంటి భ్రమ రెండూ తప్పిపోతాయి. డయల్ గేజ్ కొన్నాక కూడా నేను ఒక్కోసారి దీంతోనే సరిచూసుకుంటాను.

చూడముచ్చటగా కావాలంటే పుల్ల ముల్లు చేసుకోవచ్చు. సన్నటి చెక్కపుల్లని ఒక మేకు మీద తిరిగేలా పెట్టండి. మేకు నుంచి పంటిని తాకే కొస 20 మి.మీ., రెండో కొస 200 మి.మీ. ఉండాలి. పన్ను 0.1 మి.మీ. కదిలితే రెండో కొస 1 మి.మీ. కదులుతుంది. దాని కింద గ్రాఫ్ కాగితం అతికిస్తే పిల్లలు కూడా చదివేస్తారు.

ఇక కొలిచే పద్ధతి చెప్పండి.

ముందు ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు గోడలోంచి బయటికి వచ్చి మీ కళ్ళకి కనిపించాలి.

బ్లేడుని పూర్తి ఎత్తుకి లేపండి. 254 మి.మీ. బ్లేడు 75 మి.మీ. పైకి లేస్తే బల్ల దగ్గర ముందు పంటికీ వెనక పంటికీ మధ్య సుమారు 230 మి.మీ. దూరం వస్తుంది. దూరం ఎంత ఎక్కువుంటే వంకర అంత బాగా బయటపడుతుంది.

మార్కర్‌తో ఒక పంటికి గుర్తు పెట్టండి. చాలా బ్లేడుల్లో ఒక పన్ను ఎడమకీ పక్కది కుడికీ వాలి ఉంటాయి, జిగ్ వైపు వాలినదాన్నే ఎంచుకోవాలి. ఆ పంటిని ముందుకి తెచ్చి బోల్టు తాకించి, గీత ఎక్కడుందో రాసుకోండి. తర్వాత బ్లేడు తిప్పి అదే పంటిని వెనక్కి తీసుకెళ్ళండి. జిగ్‌ని వెనక్కి జరిపి మళ్ళీ తాకించండి.

అదే పన్ను అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఏ బ్లేడూ నూటికి నూరుపాళ్ళు చదునుగా ఉండదు. తిరిగేటప్పుడు కొంచెం ఊగుతుంది. ముందు ఒక పన్ను, వెనక ఇంకో పన్ను కొలిస్తే ఆ ఊగు కూడా తేడాలో కలిసిపోతుంది, మీరు లేని వంకరని సరిచేస్తూ కూర్చుంటారు. ఒకే పన్ను కొలిస్తే ఆ ఊగు రెండు చోట్లా ఒకటే కాబట్టి కొట్టుకుపోతుంది.

బ్లేడుని తిప్పేటప్పుడు పక్కనుంచి నొక్కకండి, పలచటి రేకు కదా, వంగుతుంది. బెల్టుంటే బెల్టు పట్టి తిప్పండి. మూడుసార్లు కొలిచి మూడూ దగ్గరగా వస్తేనే నమ్మండి.

ఎంత తేడా వరకూ ఫరవాలేదు?

0.1 మి.మీ. లోపు ఉంటే నేను వదిలేస్తాను. 0.05 కి తెస్తే మరీ మంచిది. 0.2 దాటితే ఆ రోజు పని ఆపి సరిచేస్తాను. వడ్రంగుల నూలు లెక్కలో, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు లెక్కలో, ఇవి చాలా చిన్నవి. అందుకే టేపుతో కొలిచి బాగానే ఉందనుకున్న మిషన్లు కూడా మాడుస్తాయి. అలాగని 0.01 వెంట పడటం వృథా. బల్ల మీద పడ్డ రంపపు పొట్టే అంతకన్నా మందంగా ఉంటుంది. కొలిచే ముందు బల్ల, గాడి తుడిచారా అన్నది చూసుకోండి.

తేడా తేలింది. సరిచెయ్యడం ఎలా?

మిషన్‌ని బట్టి ఉంటుంది. పెద్ద ఇనుప కేబినెట్ మిషన్లలో మోటారు, బ్లేడు కేబినెట్‌కి బిగించి ఉంటాయి కాబట్టి పై బల్ల బోల్టులు వదులు చేసి బల్లనే తిప్పాలి. చిన్న మిషన్లలో ఎక్కువగా బ్లేడు సామాను బల్ల అడుగున వేలాడుతుంది. అక్కడ దాన్ని బిగించిన బోల్టులే వదులు చెయ్యాలి. మాన్యువల్‌లో ఏవి వదలాలో బొమ్మ ఉంటుంది, అది చూడకుండా కనిపించిన బోల్టల్లా వదలకండి.

నాలుగు బోల్టులుంటే మూడు వదులు చేసి, నాలుగోది కొంచెం పట్టుంచండి. అదే ఇరుసులా పనిచేస్తుంది. చెక్క దిమ్మె పెట్టి సుత్తితో చిన్నగా తట్టండి. తట్టడం, కొలవడం, మళ్ళీ తట్టడం. పానాతో బిగించేటప్పుడు మళ్ళీ జరుగుతుంది, అది మామూలే. ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగిస్తూ మధ్యలో కొలుస్తూ ఉండండి. మొదటిసారి నాకు ఒక పూట పట్టింది. ఇప్పుడు అరగంట.

మాది ప్లైవుడ్ బల్ల, కింద చేతి మిషన్. గాడే లేదు.

అయితే గాడి పెట్టించండి. రూటర్‌తో 19 మి.మీ. గాడి తీసి అందులో అల్యూమినియం ఛానల్ కూర్చోబెట్టొచ్చు. గాడిని తీసేటప్పుడు బ్లేడుకి సమాంతరంగా తియ్యాలని తంటాలు పడకండి. ముందు తిన్నటి గాడి ఒకటి తియ్యండి, ఆ తర్వాత మిషన్‌ని దానికి సరిపెట్టండి. మిషన్ అడుగు ప్లేటుకి ఉన్న 6 మి.మీ. రంధ్రాలని 8 మి.మీ. చేసి, పెద్ద వాషర్లు వేస్తే ఇటూ అటూ జరపడానికి చోటు దొరుకుతుంది. ప్లైవుడ్ బల్ల కాలక్రమంలో కుంగుతుంది, అడుగున రెండు గట్టి బద్దెలు వెయ్యడం మరిచిపోకండి.

మాడ్యులర్ కిచెన్ షాపుల్లో ఉండే జారే బల్ల ప్యానెల్ సాలకి లెక్క వేరు. అక్కడ ఆధారం గాడి కాదు, బల్ల జారే దారి. జిగ్‌ని జారే బల్ల మీదే బిగించి, బల్లని తోస్తూ కొలవాలి.

ఫెన్సు వెనక కొసని కొంచెం దూరంగా పెట్టాలంటారు, నిజమేనా?

దీని మీద వడ్రంగుల్లో రెండు మాటలున్నాయి. కొందరు సరిగ్గా సమాంతరంగానే ఉంచాలంటారు, కొందరు వెనక కొంచెం తెరవాలంటారు. నేను వెనక్కి ఒక కాగితం మందం, అంటే 0.1 మి.మీ. లోపు, తెరిచి పెడతాను. వెనక కొస బ్లేడు వైపు మాత్రం పిసరంత కూడా రాకూడదు, ఆ విషయంలో ఇద్దరూ ఒకటే మాట. చెక్క ఇరుక్కునేది అక్కడే. ఫెన్సుని కొలవడానికి జిగ్‌ని అదే గాడిలో ఉంచి, బోల్టుని ఫెన్సు వైపు తిప్పి, ముందూ వెనకా తాకిస్తే సరి. ఫెన్సు బిగించే ప్రతిసారీ ఒకేలా నిలుస్తోందా అని కూడా చూడండి. చవక ఫెన్సుల్లో లోపం తరచూ అక్కడే దొరుకుతుంది.

బ్లేడు 45 డిగ్రీలకి వాల్చినప్పుడు మళ్ళీ మాడుతోంది.

నిటారుగా ఉన్నప్పుడు సమాంతరంగా ఉండి, వాల్చినప్పుడు తప్పిందంటే బ్లేడు వాలే ఇరుసు బల్లకి సమాంతరంగా లేదు. బల్లకీ కింది బ్రాకెట్టుకీ మధ్య, ముందో వెనకో, పలచటి రేకు పెట్టాలి. కూల్‌డ్రింకు డబ్బా గోడ రేకు సుమారు 0.1 మి.మీ. ఉంటుంది, కత్తెరతో కోసుకోవచ్చు. ఒక్కో రేకు వేసి రెండు కోణాల్లోనూ కొలుస్తూ పోవాలి. విసుగు పుట్టించే పని. 45 డిగ్రీల కోతలు మీరు అసలు కొయ్యకపోతే దీని జోలికి వెళ్ళకండి.

మైటర్ గేజ్ సరిగ్గా 90 డిగ్రీలు ఉందని జిగ్‌తో తెలుస్తుందా?

తెలియదు, దానికి కోసి చూడాల్సిందే. వెడల్పాటి ప్లైవుడ్ ముక్కని అడ్డంగా కోసి, ఒక ముక్కని బోర్లా తిప్పి, కోసిన అంచులు కలిపి ఫెన్సుకి ఆనించండి. మధ్యలో సందు కనిపిస్తే అది అసలు తప్పుకి రెట్టింపు. క్రాస్‌కట్ స్లెడ్ (గాడిలో జారుతూ, చెక్కని మీద పెట్టుకుని అడ్డంగా కోసే పలక) అయితే ఐదు కోతల పద్ధతి వాడండి. చతురస్రపు ముక్క నాలుగు పక్కలూ వరసగా తిప్పుతూ కోసి, ఐదోసారి మొదటి పక్కనే మళ్ళీ కోసి పట్టీ తీస్తారు. ఆ పట్టీ రెండు కొసల వెడల్పుల తేడాని నాలుగుతో భాగిస్తే ఆ పొడవుకి తప్పెంతో వస్తుంది. 400 మి.మీ. పట్టీలో 0.8 మి.మీ. తేడా ఉంటే, అసలు తప్పు 400 కి 0.2 మి.మీ.

చివరికి డయల్ గేజ్ కొనాలా, వద్దా?

నెలకి ఒకటి రెండు వస్తువులు చేసుకునేవాళ్ళకి బోల్టు, మల్టీమీటర్ చాలు. అదే డబ్బు మంచి బ్లేడుకి పెట్టండి. రోజూ పనిచేసేవాళ్ళయితే 0.01 మి.మీ. చూపించే డయల్ గేజ్ కొనుక్కోండి, సమయం కలిసొస్తుంది. బోల్టు ఉన్న రంధ్రాన్నే పెద్దది చేసి గేజ్ కాడ దూర్చి, పక్కన స్క్రూతో బిగిస్తే జిగ్ అదే. గేజ్ మొనని పంటి మీద కాకుండా, పళ్ళకి కొంచెం లోపల బ్లేడు రేకు మీద ఆనించండి. మార్కర్‌తో చుక్క పెట్టి, ముందూ వెనకా ఆ చుక్క దగ్గరే చదవండి. కొనే ముందు ఒకసారి వాడి చూడాలనుంటే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట తెలిసిన లేత్ షాపులో అడగండి. టర్నర్ల దగ్గర ఇది రోజువారీ సామానే, ఎలా చదవాలో కూడా ఓపిగ్గా చూపిస్తారు.

ఎన్నాళ్ళకోసారి చూడాలి?

మిషన్‌ని చోటు మార్చినప్పుడు, ఆటోలోనో వ్యానులోనో ఎక్కించి దించినప్పుడు తప్పకుండా. చెక్క ఇరుక్కుని మోటారు ఆగిపోయిన ప్రతిసారీ కూడా. ఇవేవీ జరగకపోయినా నేను ఆర్నెల్లకోసారి చూస్తాను. చెక్క పట్టీ ఉన్న జిగ్ అయితే వానలు మొదలయ్యాక ఒకసారి, వేసవిలో ఒకసారి పట్టీ బిగువు కూడా చూడాలి. జిగ్‌ని నేల మీద పడెయ్యకుండా గోడకి మేకు కొట్టి తగిలించండి. దాని పక్కనే ఒక కాగితం అతికించి ప్రతిసారీ వచ్చిన తేడా, తేదీ రాసుకుంటూ ఉండండి. తేడా ప్రతిసారీ ఒకే వైపు పెరుగుతూ పోతోందంటే ఎక్కడో ఒక బోల్టు వదులవుతోంది, దాన్ని వెతకండి.